నా ప్లాస్మిడ్‌ను కత్తెర కోయని ఏడు వారాలు

జెల్ డాక్ గదిలో లైటు ఆర్పేసి, యూవీ వేసి, స్క్రీన్ మీద ఒకే ఒక్క గీతను చూసి, మెల్లగా బయటికొచ్చేయడం. పోయిన ఏడాది ఏడు వారాలపాటు నా పని ఇదే. జెల్‌లో డీఎన్ఏ ముక్కలు పొడవును బట్టి విడిపోయి గీతల్లా కనబడతాయి. రావాల్సినవి రెండు గీతలు. ఒకటి మూడు కేబీ దగ్గర, ఇంకొకటి ఒక కేబీ దగ్గర. కేబీ అంటే వెయ్యి అక్షరాల డీఎన్ఏ. నాకు మాత్రం నాలుగు కేబీ దగ్గర ఒంటి గీత, నన్నెవరూ కోయలేదన్నట్టు.

మాది కదిరి దగ్గర పల్లె. అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి, బెంగళూరులో హెబ్బాళ అవతల ఒక ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. సంజయనగర్‌లో పీజీ, పొద్దున ఎనిమిదింటికి బస్సు, రాత్రి ఎప్పుడు అయితే అప్పుడు. ల్యాబులో నాకు పని నేర్పింది నెల్లూరు అక్క, పీహెచ్‌డీ నాలుగో ఏడు. పక్క ల్యాబులో గుంటూరు అన్న ఒకరు. ఈ ఇద్దరూ లేకపోతే నేను మూడో నెలలోనే కదిరి బస్సు ఎక్కేసేదాన్ని.

నాకిచ్చిన పని వినడానికి చిన్నదే. కె-6 వేరుశనగ మొక్కకు నీళ్ళు ఆపేస్తే ఆకుల్లో ఒక జీన్ బాగా పైకి లేస్తుంది. దాని పొడవు 1,050 అక్షరాలు. దాన్ని తీసి, మొక్కల్లోకి పంపగలిగే ప్లాస్మిడ్‌లో పెట్టి, ముందు పొగాకులో చూడాలి. పొగాకు ఎందుకంటే అది పెద్దగా మారాం చేయని మొక్క. వేరుశనగ తర్వాత సంగతి.

ఇంట్లో నాన్నకి ఇది చెప్పడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. నాన్న నాలుగెకరాల్లో శనక్కాయ వేస్తాడు, అదే కె-6. "బ్యాక్టీరియాకి సొంత డీఎన్ఏ ఒక పెద్ద చుట్ట నాన్నా, 46 లక్షల అక్షరాలుంటాయి. అది కాకుండా పక్కన చిన్న చిన్న గాజుల్లాగా వేరే డీఎన్ఏ ఉంటుంది. ఆ గాజునే ప్లాస్మిడ్ అంటారు. అది తన కాపీలు తానే తీసుకుంటుంది. గాజును ఒకచోట కోసి, మధ్యలో మనకి కావాల్సిన ముక్క పెట్టి మళ్ళీ అతికిస్తే, బ్యాక్టీరియా పెరిగే కొద్దీ మన ముక్క కూడా పెరుగుతుంది" అన్నాను. నాన్న కాసేపు ఆగి, "అంటు కట్టడం లాంటిదన్నమాట" అన్నాడు. కాదని చెప్పబోయి ఆగిపోయాను. కోసిన చోటు రెండువైపులా సరిగ్గా కలవాలి, కలిశాక కట్టు గట్టిగా ఉండాలి, అంటు పట్టిందో లేదో కొన్నాళ్ళాగితే గానీ తెలియదు. నేను చదివిన ఏ పాఠంలోనూ ఇంత దగ్గరి పోలిక లేదు.

ప్లాస్మిడ్ అన్న పేరు 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టాడు. ఒక గాజును కోసి, బయటి ముక్కను అతికించి, ఈ-కోలై అనే బ్యాక్టీరియాలోకి పంపి బతికించింది మాత్రం 1973లో, స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్. వాళ్ళు వాడిన కత్తెర ఎకో ఆర్ వన్. కత్తెర అంటే డీఎన్ఏను కోసే ఎంజైమ్. ఇప్పుడు మా ఫ్రీజర్‌లో అలాంటి కత్తెరలు ముప్పైకి పైగా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో అక్షరాల వరుసను వెతుక్కుని అక్కడే కోస్తుంది. ఎకో ఆర్ వన్‌కి జి-ఎ-ఎ-టి-టి-సి కావాలి. నా కథలో విలన్ అనుకున్న ఎక్స్‌బా వన్‌కి టి-సి-టి-ఎ-జి-ఎ కావాలి.

మొదటి భాగం ఇబ్బంది లేకుండా జరిగింది. ఆకుల నుంచి ఆర్ఎన్ఏ తీయడం, దాన్ని సీడీఎన్ఏగా, అంటే తిరిగి డీఎన్ఏగా మార్చడం, పీసీఆర్‌తో జీన్ కాపీలు పెంచడం. జీన్‌కి రెండు చివరలా కత్తెర గుర్తులు రావాలి కాబట్టి వాటిని ప్రైమర్లలోనే (పీసీఆర్ మొదలవడానికి వేసే పొట్టి డీఎన్ఏ ముక్కలు) పెట్టాను, ముందువైపు ఎక్స్‌బా వన్, వెనకవైపు సాక్ వన్ అనే ఇంకో కత్తెరది. కత్తెర డీఎన్ఏ అంచున కుదురుగా కూర్చోలేదు, దానికి పట్టుకోడానికి కొంచెం చోటు కావాలి. అందుకని గుర్తుకి ముందు ఆరు అక్షరాలు అదనంగా పెట్టమన్నారు. "ఏ అక్షరాలు?" అని అడిగితే "ఏవైనా పర్లేదు" అన్నారు. జి, సి ఎక్కువుండేలా ఏదో టైప్ చేశాను. చివరి రెండూ జి, ఎ అయ్యాయి. ఆ రెండు అక్షరాల కోసం నేను ఒక్క సెకను కూడా ఆలోచించలేదు.

మా ల్యాబు అలవాటు ప్రకారం పీసీఆర్ ముక్కను నేరుగా చివరి వెక్టర్‌లో (జీన్‌ను మోసుకెళ్ళే ప్లాస్మిడ్) పెట్టరు. ముందు పీజెమ్-టీ ఈజీ అనే మూడు కేబీ ప్లాస్మిడ్‌లో పెట్టి, సీక్వెన్సింగ్ చేయించి, అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే అక్కడినుంచి కోసి పెద్ద వెక్టర్‌లోకి మారుస్తారు. లైగేషన్, అంటే అతికింపు, పెట్టి, డీహెచ్ ఫైవ్ ఆల్ఫా అనే ఈ-కోలై జాతి సెల్స్‌లోకి హీట్ షాక్‌తో పంపి, ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్, ఎక్స్-గాల్ ఉన్న ప్లేట్ల మీద పరిచాను. మర్నాడు పొద్దున నీలం కాలనీలు, తెల్ల కాలనీలు కలిసి కనిపించాయి. ఖాళీ గాజు దొరికిన బ్యాక్టీరియా ఎక్స్-గాల్‌ని నీలంగా మారుస్తుంది. గాజులో మన ముక్క దూరితే ఆ పని చేసే జీన్ తెగిపోతుంది, కాలనీ తెల్లగా ఉండిపోతుంది. కాబట్టి తెల్లవే మనవి.

ఇక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. శనివారం పెట్టిన ప్లేట్లను సోమవారం దాకా ఇంక్యుబేటర్‌లోనే వదిలేశాను. పెద్ద కాలనీల చుట్టూ ఆవగింజల్లాంటి బుల్లి తెల్ల కాలనీలు డజన్ల కొద్దీ వచ్చాయి. "ఎన్ని పాజిటివ్‌లో" అని సంబరపడి ఎనిమిది పిక్ చేసి మందున్న లిక్విడ్‌లో వేస్తే ఒక్కటీ పెరగలేదు. అక్క నవ్వింది. ప్లాస్మిడ్ ఉన్న కాలనీ ఆంపిసిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను బయటికి కూడా వదులుతుంది. దాని చుట్టూ మందు తగ్గిపోయాక, ప్లాస్మిడ్ లేనివి కూడా ఆ నీడలో బతికేస్తాయి. వాటిని శాటిలైట్ కాలనీలంటారు. ఊళ్ళో పెద్దమనిషి అరుగు మీద చేరేవాళ్ళను చూడలేదా, అలాగే.

మళ్ళీ పెద్దవి పిక్ చేసి, మినీప్రెప్ చేసి, అంటే బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ బయటికి తీసి, పంపితే సీక్వెన్స్ అద్భుతంగా వచ్చింది. 1,050 అక్షరాల్లో ఒక్క తప్పు లేదు. ఎక్స్‌బా వన్ గుర్తు ఉంది, సాక్ వన్ గుర్తు ఉంది. మా ల్యాబు మేడం "గుడ్, ఇక మార్చెయ్" అన్నారు. రెండు రోజుల పని అనుకున్నా.

మినీప్రెప్ గురించి కొంచెం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ల్యాబులో నాకు చేతులారా ఇష్టమైన పని అదే. రాత్రంతా షేకర్‌లో పెరిగిన కల్చర్‌ను తిప్పితే అడుగున మట్టిరంగు ముద్ద మిగులుతుంది. దాన్ని మొదటి ద్రావణంలో కరిగించి, రెండోది పోస్తారు. అందులో సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, ఎస్‌డీఎస్ అనే సబ్బు లాంటిది ఉంటాయి. మసకగా ఉన్న ట్యూబు ఒక్కసారి తేటపడి, లోపల చీమిడిలా సాగుతుంది. ఇక్కడ వర్టెక్స్ చేసి గట్టిగా కుదపకూడదు, అయిదు నిమిషాలు దాటకూడదు. మెల్లగా నాలుగుసార్లు తలకిందులు చేయాలి, అంతే. తర్వాత మూడోది, పొటాషియం ఎసిటేట్. అది పడగానే విరిగిన పాలలాగా తెల్లటి తరకలు.

ఆ తరకల్లోనే బ్యాక్టీరియా అసలు డీఎన్ఏ చిక్కుకుపోతుంది. ప్లాస్మిడ్ మాత్రం పైన తేట నీళ్ళలో ఉండిపోతుంది. కారణం పురి. క్షారంలో డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి. పెద్ద డీఎన్ఏ పోగులు తెగి, దారి తప్పి, తిరిగి జత కుదరక ముద్దకడతాయి. ప్లాస్మిడ్ పోగులు రెండూ ఒకదాంట్లో ఒకటి దూర్చిన గాజులు, ఎంత విడదీసినా దూరం పోలేవు. క్షారం తగ్గగానే టక్కున తమ చోటికి వచ్చేస్తాయి. ఈ కిటుకు బిర్న్‌బోయిమ్, డోలీ అనే ఇద్దరు 1979లో కనిపెట్టారు. కిట్ల కాలమ్‌లు ఎన్ని వచ్చినా లోపలున్నది ఆ మూడు సీసాల లెక్కే.

సరే, కోత. ఎక్స్‌బా వన్, సాక్ వన్ రెండూ వేసి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టాను. జెల్ మీద ఒంటి గీత, నాలుగు కేబీ. అంటే ఒక్క కత్తెరే కోసింది, గాజు తెగి తాడయింది గానీ ముక్క విడిపోలేదు. విడివిడిగా వేసి చూశాను. సాక్ వన్ కోసింది. (పీజెమ్-టీ ఈజీలోనే ఒక సాక్ వన్ ఉంది. నా క్లోన్‌లో అది నా సాక్ వన్ పక్కనే పడింది కాబట్టి గీతలో తేడా తెలియలేదు. ఇన్సర్ట్, అంటే నేను పెట్టిన ముక్క, తిరగబడి ఉంటే సాక్ వన్ ఒక్కటే జీన్‌ను బయటికి తీసేది, నేను పని అయిపోయిందని మోసపోయేదాన్ని.) ఎక్స్‌బా వన్ ఒక్కటే వేసిన వరుస, ఏమీ వేయని వరుస అచ్చం ఒకేలా ఉన్నాయి.

మొదటి అనుమానం నా చేతుల మీద. కొత్తగా చేరినవాళ్ళకి అదే వస్తుంది. పైపెట్ సరిగ్గా పట్టానా, ఎంజైమ్ అడుగున ఉండిపోయిందా. మళ్ళీ చేశా. రెండో వారం ఎంజైమ్ రెట్టింపు. మూడో వారం డీఎన్ఏలో ఆల్కహాల్ మిగిలిందేమో అనుకున్నాం. జెల్ గుంటలో వేసేటప్పుడు శాంపిల్ అడుక్కి దిగకుండా పైకి తేలిపోతుంటే ఆల్కహాల్ ఉన్నట్టే. నాది ఒకసారి అలాగే తేలింది కూడా. ఆరబెట్టి, కాలమ్ మార్చి, మళ్ళీ తీశా. ఒంటి గీత. నాలుగో వారం రాత్రంతా కోతకు పెట్టా. అయిదో వారం ఎంజైమే చచ్చిందని తీర్మానించాం. ఎండాకాలం, కరెంటు పోతూ వస్తూ ఉంది, ఫ్రీజర్‌ను నమ్మలేం. కొత్త ట్యూబు తెప్పించారు. మేడం ఏమీ అనలేదు గానీ, ఇండెంట్ మీద సంతకం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే.

కొత్త ట్యూబుతో మాత్రం అక్క ఒక మంచి పని చేయించింది. నా ప్లాస్మిడ్‌తో పాటు పెద్ద వెక్టర్‌ను కూడా అదే ఎంజైమ్‌తో, అదే రోజు, అదే బ్లాక్‌లో కోయమంది. ఆ వెక్టర్ పేరు పీబీఐ 121. దాదాపు 14.7 కేబీ ఉంటుంది. కణంలో దాని కాపీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి, పీజెమ్ లాంటివి వందల్లో ఉంటాయి. అందుకే దీనికి కల్చర్ ఎక్కువ పెంచినా చేతికొచ్చేది కొంచెమే. దానికి ఉన్న గొప్పతనం వేరు. అగ్రోబాక్టీరియం అనే మట్టి సూక్ష్మజీవి దగ్గర టీఐ ప్లాస్మిడ్ అనే పెద్ద గాజు ఉంటుంది. అందులోని ఒక ముక్కను అది మొక్క డీఎన్ఏలోకి దూర్చి, అక్కడ కంతి పెంచుకుని తన తిండి తను వండించుకుంటుంది. ఆ ముక్క మొక్కలోకి నిజంగానే వెళ్తుందని మేరీ-డెల్ చిల్టన్ బృందం 1977లో చూపించింది. కంతి పెంచే జీన్లు తీసేసి, రెండువైపుల గట్లు మాత్రం ఉంచి, మధ్యలో మనకి కావాల్సింది పెట్టుకుంటే చాలు. పీబీఐ 121 ఆ గట్లున్న చేను. మధ్యలో గస్ అనే నీలిరంగు జీన్ ఉంటుంది. ఎక్స్‌బా వన్, సాక్ వన్‌లతో దాన్ని తీసేసి నా జీన్ పెట్టాలి.

జెల్ చూస్తే పీబీఐ 121 నీట్‌గా తెగింది. పైన పెద్ద ముక్క, కింద 1.9 కేబీ దగ్గర గస్. పక్క వరుసలో నాది, ఒంటి గీత. పాత ఎంజైమ్‌తో కూడా అంతే. అంటే కత్తెరకు పదునుంది, నా చేతులు బానే ఉన్నాయి. నా ప్లాస్మిడ్‌నే కోయట్లేదు. పైగా దాన్నే ఎకో ఆర్ వన్‌తో కోస్తే ఒక కేబీ ముక్క చక్కగా బయటికొస్తోంది. ఆ రాత్రి పీజీలో పడుకుని, సీక్వెన్స్ తప్పుగా పంపారా, వేరేవాళ్ళ ట్యూబుతో మారిందా అని ఏవేవో ఊహించుకున్నా. నాన్న ఫోన్ చేసి "ఏమ్మా, అంటు పట్టిందా?" అని అడిగితే ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం క్యాంటీన్‌లో గుంటూరు అన్న కాఫీ తాగుతున్నాడు. అక్క నన్ను ముందుకి తోసి, "దీని గోల ఒకసారి విను" అంది. సీక్వెన్స్ ప్రింటు నా బ్యాగులోనే ఉంది, నలిగిపోయి. అన్న దాన్ని టేబుల్ మీద పరిచి, కాఫీ గ్లాసు ఒక మూల పెట్టి, "ఎక్స్‌బా వన్ ఎక్కడ?" అన్నాడు. చూపించా. "దీని ముందు ఏముంది?"

"జి, ఎ. అవి ఊరికే పెట్టినవన్నా, జీన్‌లోవి కాదు."

"ఏ సెల్స్‌లో పెంచావు?"

"డీహెచ్ ఫైవ్ ఆల్ఫా."

పెన్ను తీసి నాలుగు అక్షరాల చుట్టూ సున్నా చుట్టాడు. జి-ఎ-టి-సి. నేను పెట్టిన జి, ఎ, వాటి వెనకే ఎక్స్‌బా వన్ గుర్తులోని టి, సి. "ఇదమ్మా నీ ఏడు వారాలు" అన్నాడు. తర్వాత కాఫీ చల్లారిందని మళ్ళీ వేడిగా తెప్పించుకున్నాడు.

ఈ-కోలైలో డ్యామ్ అనే ఎంజైమ్ ఉంటుంది. జి-ఎ-టి-సి వరుస ఎక్కడ కనిపించినా అందులోని ఎ మీద ఒక మిథైల్ గుంపు తగిలిస్తుంది. బొట్టు పెట్టినట్టు. అది దాని సొంత అవసరం. డీఎన్ఏ కాపీ చేసేటప్పుడు తప్పు దొర్లితే దిద్దాలి, దిద్దాలంటే పాత పోగు ఏదో కొత్త పోగు ఏదో తెలియాలి. కొత్త పోగుకి ఇంకా బొట్టు పడి ఉండదు కాబట్టి తప్పు అక్కడే ఉందని పట్టుకుంటుంది. దానిలో పెరిగే ప్లాస్మిడ్‌కి కూడా ఆ బొట్టు తప్పదు. నా ప్లాస్మిడ్‌లో కింది పోగు మీది బొట్టు సరిగ్గా ఎక్స్‌బా వన్ కూర్చోవాల్సిన ఆరు అక్షరాల్లో పడింది. కత్తెర వస్తుంది, తడుముతుంది, పోతుంది. పీబీఐ 121లో ఎక్స్‌బా వన్ గుర్తుకి అటూ ఇటూ వేరే అక్షరాలున్నాయి, అక్కడ జి-ఎ-టి-సి కుదరదు, బొట్టూ ఉండదు. ఇక మేం చేయించిన రకం సీక్వెన్సింగ్‌లో మిథైల్ కనబడదు. అక్షరం ఎ అయితే ఎ అనే చెబుతుంది, దాని నెత్తి మీద ఏముందో చెప్పదు.

అన్నిటికన్నా మండింది ఏంటంటే, ఈ సంగతి ఎంజైమ్ క్యాటలాగ్‌లో ఎక్స్‌బా వన్ పేజీలోనే ఉంది. డ్యామ్ మిథిలేషన్ మీదపడితే కోయదని. నేను ఆ పేజీని కనీసం పదిసార్లు తెరిచి ఉంటా, బఫర్ ఏది, ఉష్ణోగ్రత ఎంత అని. ఆ వరుస మాత్రం నాకు సంబంధం లేనిదనుకుని దాటేశా.

దారులు రెండున్నాయి అన్నాడు అన్న. ప్లాస్మిడ్‌నే టెంప్లేట్‌గా పెట్టి మళ్ళీ పీసీఆర్ చేసి, ఆ ముక్కను నేరుగా కోయడం ఒకటి. ట్యూబులో పాలిమరేజ్ ఎంజైమ్ కట్టిన డీఎన్ఏకి బొట్టు ఉండదు. కానీ చివర ఆరక్షరాలు తెగాయో లేదో జెల్ మీద కంటికి కనబడదు. రెండోది, డ్యామ్ లేని బ్యాక్టీరియాలో ఇదే ప్లాస్మిడ్‌ను పెంచడం. ఏడు వారాలు కళ్ళు కాయలు కాచినదాన్ని, నాకు కంటికి కనబడేదే కావాలి. రెండోదే పట్టుకున్నా.

అన్న వాళ్ళ ల్యాబు మైనస్ 80 ఫ్రీజర్‌లో జేఎం 110 ఉంది, డ్యామ్ లేని జాతి. గ్లిసరాల్ స్టాక్ నుంచి గీసి, పెంచి, కాల్షియం క్లోరైడ్‌తో కాంపిటెంట్ చేసి, అంటే బయటి డీఎన్ఏను లోపలికి తీసుకునేలా చేసి, ప్లాస్మిడ్ కలిపి 42 డిగ్రీల్లో 90 సెకన్లు. మర్నాడు ప్లేట్ మీద పదకొండే కాలనీలు. డీహెచ్ ఫైవ్ ఆల్ఫాలో వందల్లో వచ్చేవి. అన్న ముందే చెప్పాడు, తక్కువ వస్తాయని. బొట్టున్న ప్లాస్మిడ్ ఈ జాతిలోకి వెళ్ళి ఒకసారి కాపీ అయితే ఒక పోగుకి బొట్టు ఉంటుంది, ఒక పోగుకి ఉండదు. అలాంటి సగం బొట్టు డీఎన్ఏ తర్వాతి కాపీ మొదలుపెట్టడానికి మొరాయిస్తుంది. ఎలాగో దాటిన కొన్నే కాలనీలవుతాయి. పదకొండు చాలు నాకు.

నాలుగు పిక్ చేశా, నాలుగింటికీ మినీప్రెప్, నాలుగింటికీ కోత. జెల్ డాక్ గదిలోకి ఈసారి ఒక్కదాన్నే వెళ్ళలేదు, అక్కని లాక్కెళ్ళా. మూడు కేబీ దగ్గర గీత. ఒక కేబీ దగ్గర గీత. నాలుగు వరుసల్లోనూ. అక్క లైటు వేయబోతే ఆపి, ఇంకో అరనిమిషం అలాగే చూశా.

తర్వాతివి మామూలు పనులు. ఒక కేబీ ముక్కను జెల్ నుంచి కోసేటప్పుడు యూవీ కింద ఎక్కువసేపు ఉంచకూడదు, డీఎన్ఏ పాడవుతుంది, ఆపై ఎన్ని లైగేషన్లు పెట్టినా కాలనీలు రావు. ఈ జాగ్రత్త అప్పటికే ఒంటబట్టింది. వెక్టర్ ఒక పాలు, ఇన్సర్ట్ మూడు పాళ్ళు, 16 డిగ్రీల్లో రాత్రంతా. కానమైసిన్ ప్లేట్. రెండోసారికి వచ్చింది. మొదటిసారి ఎందుకు రాలేదంటే లైగేజ్ బఫర్ చాలాసార్లు కరిగించి గడ్డకట్టించిందట, అందులోని ఏటీపీ, అంటే అతికించే ఎంజైమ్‌కి కావాల్సిన ఇంధనం, పోయింది. ఇప్పుడు కొత్త బఫర్ రాగానే చిన్న ట్యూబుల్లోకి పంచేస్తున్నా.

అగ్రోబాక్టీరియంలోకి పంపిన ప్లేట్ 28 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రెండు రోజులుంది. కాలనీలు కనిపించిన రోజు నాన్నకి ఫోన్ చేసి అంటు పట్టిందని చెప్పా. "మరి మన చేలోకి ఎప్పుడొస్తది?" అన్నాడు. "ముందు పొగాకు నాన్నా" అంటే, "పొగాకు మనమెందుకు ఏస్తాం?" అని ఫోన్ అమ్మకిచ్చేశాడు.

ఎక్స్‌బా వన్ కోయని ఆ పాత ప్లాస్మిడ్ ట్యూబులు పద్నాలుగు ఇంకా నా బాక్సులోనే ఉన్నాయి. పారేద్దామంటే అక్క వద్దంది. ఈ నెల చేరిన జూనియర్ ఒకమ్మాయి ప్రైమర్ డిజైన్ చేస్తూ "ముందు ఆరక్షరాలు ఏవైనా పర్లేదా అక్కా?" అని అడిగింది. అందులోంచి ఒక ట్యూబు తీసి, ఎక్స్‌బా వన్ పక్కన పెట్టి, ముందు ఇది కోసుకురా అన్నాను.